వేగానికి గొంతునిచ్చిన ముర్రే వాకర్: సైన్స్ చెప్పేవారు నేర్వాల్సిన పాఠాలు

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే రేసు కారు ఒక్క సెకనులో 83 మీటర్లు దాటేస్తుంది. కళ్ళ ముందున్న బొమ్మను గుర్తుపట్టి, దాని పేరు జ్ఞాపకం తెచ్చుకుని, నోటితో పలకడం మొదలుపెట్టడానికి మామూలు మనిషికి సుమారు 0.6 సెకను పడుతుందని భాషా మనోవిజ్ఞాన ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే వ్యాఖ్యాత కారును చూసిన క్షణానికీ, దాన్ని నడిపేవారి పేరు అతని నోట వచ్చే క్షణానికీ మధ్య ఆ కారు 50 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. తొమ్మిది కార్లను వరసగా నిలబెట్టినంత దూరమన్నమాట. ప్రత్యక్ష ప్రసారం అని ఎంత గట్టిగా చెప్పుకున్నా, రేసు వ్యాఖ్యాత ఎప్పుడూ అప్పటికే జరిగిపోయినదాని గురించే మాట్లాడుతుంటాడు.

ఈ 50 మీటర్ల ఖాళీలో అర్ధ శతాబ్దం పైగా బతికిన వ్యక్తి బ్రిటన్‌కు చెందిన ముర్రే వాకర్. టెలివిజన్‌లో ఫార్ములా వన్ రేసులను వర్ణించిన ఆయన గొంతు ఆంగ్లం తెలిసిన దేశాలన్నింటిలో కోట్లాది మందికి పరిచయం. ఆయన మాటల్లో తప్పులు దొర్లేవి. ఆ తప్పులతో జనం పుస్తకాలే వేసుకున్నారు. అయినా ఆయన్ను నమ్మడం మానలేదు. సైన్స్‌ను జనానికి చెప్పే పనిలో ఉన్నవారు ఈ ఒక్క విషయాన్ని ఆగి ఆలోచించాలి. తప్పు దొర్లకూడదన్న భయంతో ముందే రాసుకున్న కాగితం చదివే గొంతులు సైన్స్ రంగంలో చాలా ఉన్నాయి. వాటిలో తప్పులు లేవు, వినేవాళ్ళూ లేరు.

ఇద్దరు ఉద్యోగుల పని ఒక్కడే చేసినట్టు

వాకర్ 1923 అక్టోబర్ 10న బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి గ్రాహమ్ వాకర్ పేరున్న మోటార్ సైకిల్ రేసర్. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ పోటీల్లో 1931లో గెలిచినవాడు, ఆ తర్వాత బీబీసీకి వ్యాఖ్యాత. రెండో ప్రపంచ యుద్ధంలో కొడుకు రాయల్ స్కాట్స్ గ్రేస్ దళంలో షెర్మన్ ట్యాంకుకు అధిపతిగా పనిచేసి, కెప్టెన్ హోదాతో బయటికొచ్చాడు. 1948లో షెల్స్‌లీ వాల్ష్ కొండ దారి పోటీలో మొదటిసారి మైకు పట్టాడు. మరుసటి ఏడాది సిల్వర్‌స్టోన్‌లో జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రీతో బీబీసీ ప్రసారాల్లోకి అడుగుపెట్టాడు. 1962లో తండ్రి చనిపోయేవరకు మోటార్ సైకిల్ రేసులకు ఆ ఇద్దరూ కలిసి వ్యాఖ్యానం చెప్పారు.

అయితే మైకు ఆయనకు చాలాకాలం వారాంతపు పనే. వారమంతా ప్రకటనల సంస్థలో ఉద్యోగం. ఒక చాక్లెట్ కంపెనీకి చెందిన ప్రసిద్ధ నినాదాన్ని ఆయనే రాశాడని బ్రిటన్‌లో చాలామంది అనుకునేవారు. అది తాను రాసింది కాదనీ, ఆ ప్రచారం నిర్వహణ మాత్రమే చూశాననీ ఆయన చెప్పేవాడు. తనది కాని ఘనతను ఊరికే వచ్చినా పుచ్చుకోని ఈ గుణం ఆయన వ్యాఖ్యానంలోనూ కనిపిస్తుంది.

1978 నుంచి బీబీసీ ఫార్ములా వన్ రేసులను క్రమం తప్పకుండా చూపించడం మొదలుపెట్టింది. వాకర్ దాని గొంతు అయ్యాడు. 1982లో, 59 ఏళ్ళ వయసులో, ప్రకటనల ఉద్యోగం వదిలేశాడు. ఇతరులు విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన అసలు వృత్తి మొదలైంది. 1997లో ప్రసార హక్కులు ఐటీవీకి వెళ్ళినప్పుడు ఆయనా వెళ్ళాడు. 2001 సెప్టెంబర్ 30న ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రీతో మైకు దించాడు. అప్పటికి ఆయన 78వ పుట్టినరోజుకు పది రోజులే ఉంది. 2021 మార్చి 13న, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

గొంతులో ఏం జరుగుతుంది

ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా వాకర్ ప్యాంటుకు నిప్పంటుకున్నవాడిలా మాట్లాడతాడని టెలివిజన్ విమర్శకుడు క్లైవ్ జేమ్స్ చమత్కరించాడు. ఆ చమత్కారం వెనక శరీరధర్మం ఉంది. ఉద్వేగం కలిగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, శ్వాస బలంగా సాగుతుంది, స్వరపేటికలోని కండరాలు బిగుసుకుంటాయి. స్వరతంత్రులు సాగి, బిగిసి, సెకనుకు మరిన్నిసార్లు కంపిస్తాయి. వీణ తీగను బిరడాతో బిగిస్తే శ్రుతి పెరిగినట్టే గొంతు స్థాయి పెరుగుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారి గొంతు పౌనఃపున్యం 100 నుంచి 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఉత్కంఠలో అది ఎన్నో రెట్లు కాకపోయినా చెవికి స్పష్టంగా తెలిసేంత పైకి పోతుంది. గుర్రప్పందేల వ్యాఖ్యానాలను పరిశీలించిన ధ్వని శాస్త్రవేత్తలు కూడా ముగింపు గీత దగ్గరపడేకొద్దీ గొంతు స్థాయి, బిగ్గరతనం పెరుగుతాయని గమనించారు.

వినేవారి మెదడుకు ఈ సంకేతం మాటల అర్థం కంటే ముందే అందుతుంది. పక్క గదిలో రేడియో మోగుతుంటే, ఒక్క మాట అర్థం కాకపోయినా, వికెట్ పడిందని తెలిసిపోవడం క్రికెట్ అభిమానులందరికీ అనుభవమే. గొంతు స్థాయి కూడా సమాచారమే. ఇక్కడ ముఖ్యమైనది ఏదో జరిగింది, చెవి ఇటు పెట్టు అని అది చెబుతుంది. దాన్ని పూర్తిగా తీసేసి చదివే సైన్స్ వార్తలో ఏది ముఖ్యమో, ఏది కాదో శ్రోతకు తెలిసే దారే ఉండదు.

అదే ఉద్వేగానికి రెండో ముఖం తప్పులు. ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న రెండు కార్లలో ఏది ఎవరిదో చెప్పాలంటే హెల్మెట్ రంగే ఆధారం. తెర మీద అది కొన్ని చుక్కల పరిమాణంలో కనిపిస్తుంది. 0.6 సెకనులో తేల్చాలి. 2000లో హాకెన్‌హైమ్‌లో జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రీ మొదట్లోనే ఒక ఫెరారీ రేసు నుంచి తప్పుకుంది. అది మైకేల్ షూమాకర్ కారు. వాకర్ నోట అదే జట్టులోని బారికెల్లో పేరు వచ్చింది. పత్రికలు విమర్శించాయి. తన చూపు, చురుకుదనం తగ్గుతున్నాయేమోనన్న ఆలోచన ఆయన్ను విరమణ వైపు నడిపించింది. పరికరం తప్పు చూపించడం మొదలైందని తెలిశాక దాన్ని పక్కన పెట్టే ప్రయోగశాల పద్ధతిని ఆయన తన మీదే అమలు చేసుకున్నాడు.

పూనకం వెనక పుస్తకం

వాకర్ ఆవేశాన్ని అనుకరించాలని చాలామంది ప్రయత్నించారు. ఆయన కసరత్తును అనుకరించినవాళ్ళు తక్కువ. రేసుకు ముందు రోజుల్లో ఆయన జట్ల గ్యారేజీల మధ్య తిరిగేవాడు. మెకానిక్‌లను, ఇంజనీర్లను, డ్రైవర్లను అడిగి తెలుసుకునేవాడు. తెలుసుకున్నదాన్ని చేత్తో రాసుకుని, పద్ధతిగా పేర్చుకునేవాడు. రేసు మొదలయ్యాక నిలబడే మాట్లాడేవాడు. జనం విన్నది పూనకం. దాని వెనక ఉన్నది రోజుల తరబడి చేసిన గుమాస్తా పని.

ఈ తేడాను ఇవాళ్టి టెలివిజన్ చర్చలకు అన్వయించి చూడాలి. భూకంపం వచ్చినా, తోకచుక్క వచ్చినా, కొత్త వైరస్ వచ్చినా చర్చల్లో గొంతులు వాకర్ స్థాయికి మించి లేస్తాయి. కానీ ఆ గొంతు వెనక కాగితం ఖాళీగా ఉంటుంది. రిక్టర్ స్కేలు మీద ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుందన్న సంగతి చెప్పకుండా 5 నుంచి 6కు పెరిగిందని కేకలు వేస్తే భయం మిగులుతుంది, తెలివి మిగలదు. మరోవైపు ఆ 32 రెట్ల సంగతి తెలిసినవారు, పాఠ్యపుస్తకం వల్లెవేసినట్టు చెప్పి ఊరుకుంటారు. ఆవేశం ఒకరి దగ్గర, అవగాహన మరొకరి దగ్గర ఉండిపోయాయి. ఈ రెండూ ఒక్క మనిషిలో కలవవచ్చని వాకర్ వృత్తిజీవితం చూపించింది.

అడిలైడ్‌లో పేలిన టైరు

ఆయన వ్యాఖ్యానాల్లో అందరికీ గుర్తుండిపోయినవాటిలో 1986 ఆస్ట్రేలియన్ గ్రాండ్ ప్రీ ఒకటి. అడిలైడ్ వీధుల్లో జరిగిన ఆ సీజన్ చివరి రేసులో నైజెల్ మాన్సెల్, అలెన్ ప్రాస్ట్, నెల్సన్ పికే ముగ్గురికీ ప్రపంచ టైటిల్ అవకాశం ఉంది. మాన్సెల్‌కు మూడో స్థానం దక్కినా చాలు. 82 ల్యాపుల రేసులో 64వ ల్యాపులో, గంటకు 290 కిలోమీటర్ల ప్రాంతంలో వేగం ఉండగా, అతని వెనక ఎడమ టైరు పేలింది. నిప్పురవ్వలు చిమ్ముతూ కారు అటూ ఇటూ ఊగిపోయింది. మాన్సెల్ దాన్ని ఎలాగో గోడల మధ్య నిలబెట్టి ఆపాడు. ఆ క్షణంలో నమ్మలేకపోతున్న వాకర్ గొంతు ఇప్పటికీ ఆ దృశ్యంతో కలిసే వినిపిస్తుంది.

ఆ ప్రమాదం వెనక ఒక సైన్స్ పాఠం ఉంది. రేసు మధ్యలో ప్రాస్ట్ పంక్చర్ వల్ల టైర్లు మార్చుకున్నాడు. విప్పిన టైర్లను గుడ్‌ఇయర్ ఇంజనీర్లు పరిశీలించారు. అరుగుదల అనుకున్నంత లేదు, మిగతా కార్ల టైర్లు చివరిదాకా పట్టుకుంటాయని భావించారు. పరీక్షించింది ఒక్క కారు టైర్లను. టైర్లను పొదుపుగా వాడటంలో పేరున్న డ్రైవర్ టైర్లను. అంతలోనే ముందు పోతున్న కేకే రోస్‌బర్గ్‌కు వెనక నుంచి శబ్దం వినిపించింది. ఇంజను పాడైందనుకుని అతను కారు ఆపేశాడు. నిజానికి ఊడిపోతున్న టైరు పైపొర చేసిన శబ్దమది. ఆ సంగతి బయటపడేలోపే మాన్సెల్ టైరు పేలింది. ముందుజాగ్రత్తగా పికేను పిలిచి టైర్లు మార్చారు. అలా ఆధిక్యం ప్రాస్ట్ చేతికొచ్చింది. అతని కారులోని ఇంధన సూచిక చమురు చాలదని హెచ్చరిస్తున్నా అతను గీత దాటి, టైటిల్ గెలిచాడు.

ఒకే ఒక్క నమూనా నుంచి అందరికీ వర్తించే నిర్ణయం తీయడం, ఒక లక్షణాన్ని చూసి వేరే కారణం అంటగట్టడం, పరికరం చూపే అంకెకూ వాస్తవానికీ తేడా ఉండటం, ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో జరిగాయి. గణాంక శాస్త్రం పుస్తకంలో మూడు అధ్యాయాలుగా ఉండే విషయాన్ని లక్షలమంది కుర్చీ అంచున కూర్చుని చూశారు. వాళ్ళకు అది గుర్తుండిపోయింది. ఎందుకంటే ఫలితం ఏమవుతుందో చెప్పేవాడికి కూడా తెలియదు. సైన్స్‌ను ఎప్పుడూ ముగిసిపోయిన కథగా, న్యూటన్ ఇలా చెప్పాడు, రామన్ అలా కనుగొన్నాడు అని మాత్రమే చెప్పే అలవాటు ఈ ఉత్కంఠను మొదట్లోనే చంపేస్తోంది. పరిశోధన చేసేవారికి ఫలితం ముందు తెలియదు. చెప్పేవారు మాత్రం తెలిసినట్టే మొదలుపెడతారు.

వంత పాడని వంతగాడు

1980లో బీబీసీ వాకర్ పక్కన 1976 ప్రపంచ ఛాంపియన్ జేమ్స్ హంట్‌ను కూర్చోబెట్టింది. ఇద్దరివీ ఉత్తర దక్షిణ ధ్రువాలు. వాకర్ క్రమశిక్షణ గల ఉద్యోగి, హంట్ ఎవరినీ లెక్కచేయని మాజీ డ్రైవర్. ఇద్దరూ ఒకేసారి మాట్లాడకుండా ఒక్క మైకునే పంచుకోమన్నారు. మైకు కోసం పెనుగులాటలూ జరిగాయి. వాకర్ డ్రైవర్లను పల్లెత్తు మాట అనడానికి ఇష్టపడేవాడు కాదు. హంట్ మొహమాటం లేకుండా కడిగేసేవాడు.

ఒక రేసులో ఫెరారీ వెనక ఎర్రగా మెరుస్తున్నదాన్ని చూసి మంటలేవో వస్తున్నాయని వాకర్ ఆదుర్దాగా చెప్పాడట. అది వెనక ఉండే భద్రతా దీపమని హంట్ తాపీగా సరిదిద్దాడట. బ్రిటిష్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే ముచ్చట ఇది. నవ్వు సంగతి పక్కన పెడితే, తప్పు బతికింది కొన్ని సెకన్లే. దాచలేదు, తర్వాత ఎక్కడో చిన్న అక్షరాలతో సవరణ వేయలేదు. తప్పు విన్న చెవులే దిద్దుబాటునూ విన్నాయి. 1993 జూన్‌లో 45 ఏళ్ళకే హంట్ గుండెపోటుతో చనిపోయేవరకు ఈ జంట పదమూడేళ్ళు సాగింది.

తెలుగువారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు నిలబడతారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు ఆవేశంలో ఎక్కడికో వెళ్ళిపోతుంటే వంతగాడు ఆపి అడుగుతాడు, ఆటపట్టిస్తాడు, ఊళ్ళో జనం మనసులో ఉన్న సందేహాన్ని తన నోట పెడతాడు. కథ ఎక్కడా ఆగదు, కానీ కథకుడి మాటే వేదం కాదు.

సైన్స్ వేదికల మీద కరువైంది ఈ రెండో గొంతే. శాస్త్రవేత్త వస్తారు, ప్రసంగిస్తారు, యాంకర్ తల ఊపుతారు. కొత్త మందు, కొత్త బ్యాటరీ, కొత్త వంగడం గురించిన వార్త ఏదైనా సంస్థ విడుదల చేసిన ప్రకటన మాటల్లోనే వస్తుంది. అది ఎంతమంది మీద పరీక్షించారు, ఎలుకల్లోనా మనుషుల్లోనా, ఇంకెవరైనా సరిచూశారా అని పక్కనుండి అడిగే హంట్ లేడు. వాకర్ ఒక్కడే ఉంటే రేసు వ్యాఖ్యానం పొగడ్తల దండకంగా మిగిలేదేమో. సైన్స్ ప్రచారానికీ అదే ప్రమాదం పొంచి ఉంది. వంత పాడేవాళ్ళు కాక, అడ్డుపడే వంతగాళ్ళు కావాలి.

ఎప్పుడు ఆగాలి

1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో అయర్టన్ సెన్నా కారు గోడను ఢీకొంది. ముందురోజే అక్కడ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ అర్హత పోటీలో ప్రాణాలు కోల్పోయాడు. ప్రసారంలో ఉన్న వాకర్ తన వృత్తిలోనే అతి కష్టమైన పని చేయాల్సి వచ్చింది. తెర మీద కనిపిస్తున్నది తీవ్రమైనదని తెలుస్తోంది. ఎంత తీవ్రమో చెప్పే సమాచారం లేదు. చూస్తున్నవారిలో ఆ డ్రైవర్ కుటుంబం కూడా ఉండవచ్చు. ఊహకు తావివ్వకుండా, తెలిసినంతవరకే చెబుతూ గంటల తరబడి మాట్లాడటం ఎలాంటి ఆవేశానికీ లొంగని విద్య.

ఆ వారాంతం తర్వాత రేసింగ్‌లో ఇంజనీరింగ్ దిశ మారింది. ట్రాక్‌లను, కార్ల నిర్మాణాన్ని తిరగరాశారు. తల, మెడలను పట్టి ఉంచే హాన్స్ పరికరం ఫార్ములా వన్‌లో 2003 నుంచి తప్పనిసరైంది. డ్రైవర్ తల చుట్టూ రక్షణ కవచంలా ఉండే టైటానియం చట్రం, హేలో, 2018లో వచ్చింది. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై మంటల్లో చిక్కుకుంటే, అతను నడిచి బయటికొచ్చాడు. హేలో లేకపోతే బతికేవాణ్ణి కాదని అతనే చెప్పాడు. ఒకప్పుడు తాను కూడా హేలోను వ్యతిరేకించినవాడే.

దుఃఖంలోనే కాదు, ఆనందంలోనూ వాకర్‌కు ఆగడం తెలుసు. 1996 అక్టోబర్‌లో సుజుకాలో డేమన్ హిల్ గెలిచి, ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, గొంతు పూడుకుపోయింది, మాట్లాడటం ఆపాల్సి వస్తోందని చెప్పి మౌనంగా ఉండిపోయాడు. కోట్ల మాటలు చెప్పిన మనిషి విషయంలో చాలామందికి బాగా గుర్తున్నది ఆయన మాట్లాడని ఆ కొద్ది క్షణాలే.

శ్రీహరికోట నుంచి హుస్సేన్ సాగర్ దాకా

ఇంత దూరం బ్రిటన్ గొంతు గురించి చెప్పుకోవడానికి కారణం ఉంది. సైన్స్‌లోనూ ప్రత్యక్ష ప్రసారాల కాలం వచ్చింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు దాదాపు 1.68 కిలోమీటర్ల అడ్డు వేగంతో మొదలైన ఆ దిగుడు 19 నిమిషాలు సాగింది. ఏ ఫార్ములా వన్ కారుకూ అందని వేగమది. గంటకు 6,000 కిలోమీటర్లు. దాన్ని సున్నాకు తేవాలి, బ్రేకు పట్టడానికి రోడ్డూ లేదు, గాలీ లేదు. పైగా చంద్రుడి నుంచి సంకేతం రావడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. ఇక్కడా వ్యాఖ్యాత చెప్పేది జరిగిపోయినదే.

అంగారకుడి విషయంలో ఈ ఖాళీ మరీ పెద్దది. 2021 ఫిబ్రవరి 18న పెర్సెవరెన్స్ రోవర్ దిగడాన్ని నాసా నియంత్రణ కేంద్రం నుంచి ప్రపంచానికి చెప్పిన గొంతు భారత సంతతికి చెందిన ఇంజనీరు స్వాతి మోహన్‌ది. ఆమె ఒక్కో దశను ప్రకటిస్తున్నప్పటికి ఆ దశ జరిగి పదకొండు నిమిషాలు దాటిపోయింది. రోవర్ క్షేమంగా నేల తాకిందో, ముక్కలైందో అప్పటికే తేలిపోయింది. ఆమె గొంతులో మాత్రం నిబ్బరం చెదరలేదు. ఆ నౌక దారిని, దిశను చూసే బృందంలో ఆమె స్వయంగా పనిచేసింది. అందుకే ఆ గొంతుకు అంత బరువు.

శ్రీహరికోట తెలుగు నేల మీదే ఉంది. 2019 నుంచి అక్కడ వేలమంది కూర్చుని ప్రయోగాలను చూసే గ్యాలరీ కూడా ఉంది. నియంత్రణ కేంద్రం నుంచి వినిపించే మాట మాత్రం ఎక్కువగా ఒక్కటే: పనితీరు సాధారణం. ఏది సాధారణం? తెర మీద రెండు గీతలుంటాయి. ఒకటి రాకెట్ పోవాల్సిన దారి, మరొకటి పోతున్న దారి. రెండూ కలిసి నడిస్తే మంచిది, విడిపోతే ప్రమాదం. ఈ ఒక్క వాక్యం ముందే చెబితే పదేళ్ళ పిల్లవాడు కూడా ఊపిరి బిగబట్టి ఆ గీతలను చూస్తాడు. అది చెప్పనప్పుడు రాకెట్ ప్రయోగం పొగ, చప్పట్లుగానే మిగులుతుంది.

విఫలమైన రోజున ఈ అవసరం మరింత ఎక్కువ. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అనుకున్నట్టే దిగి, ఆ తర్వాత సంబంధం తెగిపోయింది. అప్పటి ఇస్రో ఛైర్మన్ కె. శివన్ సరిగ్గా ఆ మాటే చెప్పారు, దత్తాంశాలను విశ్లేషిస్తున్నామన్నారు. ఇమోలాలో వాకర్ పాటించిన నియమమే అది. కానీ ఆ ప్రకటనకు ముందు, గీత కదలడం ఆగిపోయిన నిమిషాల్లో ఇళ్ళలో కూర్చున్న కోట్లాది మందికి ఏం జరుగుతోందో చెప్పే గొంతు లేదు. 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 మూడో దశలో విఫలమైనప్పుడూ ప్రేక్షకులకు మిగిలింది ఇలాంటి అయోమయమే. వైఫల్యాన్ని వివరించే భాష లేకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. వైఫల్యం కూడా పరిశోధనలో భాగమేనని జనానికి నేర్పే అవకాశం చేజారిపోతుంది.

రేసుల విషయంలోనూ తెలుగు నేలకు ఒక అవకాశం వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున భారతదేశపు తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ విద్యుత్ కార్లు రేసులో వాడే శక్తిలో కనీసం 40 శాతాన్ని బ్రేకు వేసినప్పుడే తిరిగి రాబట్టుకుంటాయి. చివరి ల్యాపుల్లో వెర్న్ మిగిలిన బ్యాటరీ శక్తిని ఆచితూచి వాడుతూ, వెంటాడుతున్న నిక్ కాసిడీని అడ్డుకున్నాడు. అది శక్తి నిత్యత్వ నియమం మీద జరిగిన పందెం. ఎప్పుడు కాలు ఎత్తాలో తెలిసినవాడు గెలిచాడు. మరునాటి కబుర్లలో మాత్రం ట్రాఫిక్ ఇక్కట్లు, వచ్చిన సినీ తారలే నిండిపోయాయి. పదో తరగతి భౌతికశాస్త్రం నెక్లెస్ రోడ్డు మీద పరుగులు తీసిన రోజున దాన్ని చూపించి చెప్పినవారు తక్కువ.

కావాల్సింది ప్రతిభ ఒక్కటే కాదు

తెలుగులో గొంతులు లేక కాదు ఈ లోటు. ఐపీఎల్, కబడ్డీ వ్యాఖ్యానాలు తెలుగులో ఇంటింటా వినిపిస్తున్నాయి. కవర్ డ్రైవ్‌ను, రైడర్ బోనస్ పాయింటును పల్లెలో పెద్దవాళ్ళు కూడా అర్థం చేసుకుంటున్నారు. పరిభాష కష్టమని సైన్స్ గురించి చెప్పే సాకు అక్కడ పనిచేయలేదు. చూస్తూ, వింటూ, పదేపదే విన్నప్పుడు పరిభాష దానంతటదే ఒంటబడుతుంది. కక్ష్య, థ్రస్టు, దశ విడిపోవడం లాంటి మాటలూ అంతే.

సైన్స్ పందెం కాదు, ఇక్కడ తప్పు జరిగితే నష్టం ఎక్కువ అన్నది గట్టి అభ్యంతరమే. టీకా గురించి పొరపాటున అన్న మాట, కారు పేరు తప్పు చెప్పడం ఒకటి కావు. కానీ ఆ అభ్యంతరం నోరు మూసుకోమని చెప్పదు, సిద్ధపడమని చెబుతుంది. అంతరిక్ష ప్రయోగాలు, గ్రహణాలు, తుపాను గమనాలు, ఇవి ముందే తేదీలు తెలిసినవీ, కనీసం రోజుల ముందు కనిపించేవీ. వాటి కోసం విషయం తెలిసిన ఇద్దరు మనుషులను, ఒకరు చెప్పడానికి, ఒకరు అడ్డుపడి అడగడానికి, తెలుగులో తయారుచేయడం ఇస్రోకు, ఆకాశవాణికి, దూరదర్శన్‌కు, విశ్వవిద్యాలయాలకు మోయలేని భారం కాదు. ఆ ఇద్దరికీ ప్రయోగశాలల్లో తిరిగే అనుమతి, చదువుకునే సమయం, తప్పు దొర్లితే అక్కడికక్కడే సరిదిద్దుకునే స్వేచ్ఛ ఇవ్వాలి. మూడోదే అన్నిటికన్నా అరుదు.

వాకర్‌కు ఆ స్వేచ్ఛ దొరికింది. 1949లో మైకు పట్టిన మనిషికి బీబీసీ పూర్తికాలపు ఫార్ములా వన్ బాధ్యత అప్పగించింది దాదాపు మూడు దశాబ్దాల తర్వాత. ఈలోగా ఆయన మోటార్ సైకిళ్ళ పోటీలు, బురద దారుల పందేలు, చిన్నాచితకా రేసులన్నీ చెబుతూ గొంతును సానబెట్టుకున్నాడు. తెలుగు సైన్స్ గొంతుకు కూడా అలాంటి చిన్న మైదానాలు కావాలి. జిల్లా సైన్స్ ప్రదర్శనలు, బడిలో నీటి రాకెట్ పోటీలు, ఊరి మేడ మీద గ్రహణం చూసే గుంపులు. ఎవరో ఒకరు మైకు పట్టుకుని, ఇప్పుడు ఏం జరగబోతోందో, ఎందుకు జరగకపోవచ్చో చెప్పడం అక్కడే మొదలవ్వాలి.

మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ శ్రీహరికోట నుంచే బయలుదేరుతుంది. ఆ రోజు తెర మీద రెండు గీతలు పక్కపక్కనే పైకి పాకుతుంటే, అవి కలిసి ఉండటం అంటే ఏమిటో, విడిపోతే లోపల ఉన్నవారిని కాపాడేందుకు ఏ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుగు ఇళ్ళలో తెలిసి ఉండాలి. అందుకు కావాల్సిన గొంతును వెతకాల్సింది ఆ రోజున కాదు, ఇవాళే.